గేర్ సైకిల్లో ఏ కిలో దేనికి?

ఈ కాలమ్‌కి వచ్చే ప్రశ్నల్లో నంబర్ వన్ ఇదే: "అన్నా, మౌంటెన్ బైక్ ఎన్ని కిలోలుంటే మంచిది?" షాపుకెళ్లినా మనం చేసేది అదే. సీటు పట్టుకుని ఒక చేత్తో సైకిల్ లేపి చూస్తాం. "అబ్బో, లైటే" అనో, "అమ్మో, బరువుంది" అనో అక్కడికక్కడే తేల్చేస్తాం. లేపి చూసేది రెండు సెకన్లు. తొక్కాల్సింది మూడు నాలుగేళ్లు!

ఒకే ఒక్క మంచి నంబర్ అంటూ ఏదీ లేదు. 9 కిలోల మౌంటెన్ బైక్ ఉంది, 25 కిలోలదీ ఉంది. రెండూ వాటి వాటి పనికి సరైనవే. ఆ కిలోలు మీ కోసం ఏదైనా పని చేస్తున్నాయా, లేక ఊరికే మీ కాళ్ల మీద కూర్చున్నాయా అన్నదే అసలు సంగతి. ముందు రకాలు, వాటి బరువులు చూసేద్దాం. అన్నీ మీడియం సైజుకు సుమారు లెక్కలు.

రకానికో బరువు

క్రాస్ కంట్రీ, ముద్దుగా ఎక్స్‌సీ. 1996 అట్లాంటా నుంచి ఒలింపిక్స్‌లో ఉన్న మౌంటెన్ బైక్ రేస్ ఇదే. ఎక్కాలి, దిగాలి, మళ్లీ ఎక్కాలి. అందుకే ఇక్కడ ప్రతి 100 గ్రాములకూ లెక్కుంటుంది. ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండి వెనక లేనివి హార్డ్‌టెయిల్స్. కార్బన్ ఫ్రేమ్ రేస్ హార్డ్‌టెయిల్ 9 నుంచి 10.5 కిలోలు, అల్యూమినియం అయితే 11 నుంచి 13.5. వెనక కూడా సస్పెన్షన్ ఉన్న రేస్ బైక్ 10.5 నుంచి 12.5 కిలోలు.

ట్రైల్ బైక్. రాళ్లు, చెట్ల వేర్లు, మలుపులు ఉన్న అడవి దారుల్లో సరదాగా తిరగడానికి. చక్రం 120 నుంచి 150 మిల్లీమీటర్ల దాకా పైకీ కిందికీ ఆడుతుంది. 13 నుంచి 15.5 కిలోలు.

ఎండ్యూరో. ఈ రేసుల్లో టైమ్ చూసేది దిగే భాగాలకే. ఫ్రేమ్ గట్టిగా, టైర్లు మందంగా ఉంటాయి. 15 నుంచి 17 కిలోలు.

డౌన్‌హిల్. పేరులోనే ఉంది, కొండ దిగడానికి మాత్రమే. పైకి లిఫ్ట్‌లోనో, జీపులోనో చేరుస్తారు. సస్పెన్షన్ 200 మిల్లీమీటర్లు. 16 నుంచి 18 కిలోలు.

ఫ్యాట్ బైక్. ఇసుక, మంచు మీద కూరుకుపోకుండా నడవడానికి 4 అంగుళాల టైర్లు. మంచి అల్యూమినియంవి 13 నుంచి 16 కిలోలు. మన ఊళ్లో దొరికే స్టీల్ ఫ్యాట్ సైకిళ్లు 18 దాటడం మామూలే.

ఎలక్ట్రిక్ మౌంటెన్ బైక్. మోటారు సుమారు 3 కిలోలు, బ్యాటరీ మూడున్నర నుంచి నాలుగున్నర. మొత్తం 20 నుంచి 25 కిలోలు. అంటే ఒక బియ్యం బస్తా! లిఫ్ట్ లేని మూడో అంతస్తులో రూమ్ ఉన్నవాళ్లు కొనే ముందు ఒకసారి ఆ బస్తాని ఊహించుకోండి.

ఇక మన షాపుల్లో 10 నుంచి 20 వేలకు దొరికే గేర్ సైకిల్. స్టీల్ ఫ్రేమ్, ముందు స్ప్రింగ్ ఫోర్క్, స్టాండు, మడ్‌గార్డులు అన్నీ కలిపి 15 నుంచి 18 కిలోలు. ముందూ వెనకా షాకబ్జార్బర్లు ఉన్నవైతే 18 నుంచి 20.

ఒకటి గమనించారా? లక్షల ఖరీదు చేసే డౌన్‌హిల్ బైకూ, మన గల్లీలో తిరిగే గేర్ సైకిలూ తూకం మీద దాదాపు ఒకటే. 17 కిలోలంటే అదీ 17, ఇదీ 17. కానీ డౌన్‌హిల్ బైక్‌లో ఆ కిలోలు పెద్ద ఫోర్క్‌గా, రాయికి చిరగని టైరుగా, గట్టి బ్రేకులుగా ఉన్నాయి. మన గేర్ సైకిల్లో అవే కిలోలు మందపాటి స్టీల్ పైపుగా, బరువైన స్ప్రింగ్‌గా ఉన్నాయి. అందుకే కిలోలు ఒక్కటే చూస్తే ఏమీ తెలీదు.

ఇంకో తమాషా. ప్రపంచ కప్ డౌన్‌హిల్ రేసర్లలో కొందరు కావాలనే ఫ్రేమ్ కింది భాగంలో అదనపు బరువు బిగించుకున్న సందర్భాలున్నాయి. బరువు కింద ఉంటే సైకిల్ నేలకు అతుక్కుని నిలకడగా పోతుందని. మనం గ్రాము తగ్గించడానికి వేలు పోస్తుంటే, వాళ్లు ఉన్నదానికి కలుపుకుంటున్నారు!

బరువు గొడవ ఎప్పుడు మొదలైంది?

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం, మారిన్ కౌంటీ. 1970లలో కొందరు కుర్రాళ్లు 1930, 40ల నాటి పాత లావు టైర్ల సైకిళ్లు తెచ్చి కొండ దారుల్లో దూకించేవాళ్లు. ఆ సైకిళ్లు 20 కిలోల చుట్టూ ఉండేవి. అయినా ఎవరికీ పట్టలేదు. ఎందుకంటే పైకి ట్రక్కులో ఎక్కించుకుని, కిందికి మాత్రమే తొక్కేవాళ్లు. 1976 అక్టోబరులో మొదలైన వాళ్ల రేసు పేరు రీప్యాక్. దిగేసరికి వెనక బ్రేక్ వేడెక్కి, అందులోని గ్రీజు పొగై పోయేది. ప్రతిసారీ మళ్లీ గ్రీజు కూరాలి. ఆ పనే రేసుకు పేరైంది.

తర్వాత గేర్లు బిగించి, తొక్కుకుంటూనే పైకి ఎక్కుదాం అనుకున్నారు. అప్పుడు గుర్తొచ్చింది బరువు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన పాత ఫ్రేములు వదిలేసి, కొండల కోసమే కొత్త ఫ్రేమ్ తయారుచేశాడు. అది కూడా ఏమంత తేలిక కాదు, 17 కిలోల దగ్గర ఉండేది. కానీ దారి మాత్రం అటు మళ్లింది. కిందికి దిగేవాడికి బరువు బాధ కాదు, పైకి ఎక్కేవాడికే బాధ. ఈ మాట ఇప్పటికీ మారలేదు.

గుట్ట లెక్క

మరి ఎక్కేవాడికి బాధ ఎంత? మీరు 65 కిలోలు, సైకిల్ 12 కిలోలు అనుకుందాం. మొత్తం 77. సైకిల్ 16 కిలోలైతే మొత్తం 81. తేడా 5 శాతం. ఇప్పుడు 300 మీటర్ల ఎత్తు ఎక్కించే ఘాట్ రోడ్డు. మీ కాళ్లు నిలకడగా 150 వాట్ల శక్తి ఇస్తున్నాయి. గాలి, రోడ్డు రాపిడి పక్కన పెడితే, 12 కిలోల సైకిల్‌తో దాదాపు 25 నిమిషాలు, 16 కిలోలదానితో 26న్నర నిమిషాలు పడుతుంది.

నాలుగు కిలోల తేడాకు నిమిషం పైచిలుకు! రేసులో అది ప్రాణం. ఆదివారం పొద్దున వికారాబాద్ అనంతగిరి గుట్టల్లోకి సైకిలేసుకెళ్లి టీ తాగి వచ్చేవాళ్లకు? ఒక సెల్ఫీ టైమ్. దానికోసం 40 వేలు ఎక్కువ పెట్టాలా అనేది మీ జేబును అడగండి. సీసా నిండా నీళ్లు ముప్పావు కిలో, మంచి తాళం కిలోకు పైన, బ్యాగులో పవర్ బ్యాంకు, గొడుగు, టిఫిన్ డబ్బా. నా బ్యాగే మూడు కిలోలు తూగుతుంది.

అయితే ఈ లెక్క అందరికీ ఒకేలా ఉండదు. 20 కిలోల సైకిల్ 80 కిలోల మనిషికి ఒంటి బరువులో నాలుగో వంతు. 45 కిలోల అమ్మాయికి దాదాపు సగం. "మా అన్నయ్య ఈజీగా తొక్కేస్తాడు, నాకే చేతకావట్లేదు" అని బాధపడే చెల్లెళ్లూ, చేతకాకపోవడం కాదమ్మా అది, లెక్క. ఎంత సన్నగా ఉంటే సైకిల్ బరువు అంత పట్టించుకోవాలి.

బరువు ఎక్కడుంది?

ఎంత ఉందన్నదే కాదు, ఎక్కడుందన్నదీ ముఖ్యమే. ఫ్రేమ్‌లో 200 గ్రాములు ఎక్కువుంటే పెద్దగా తెలీదు. అదే 200 గ్రాములు రిమ్ము, టైరు దగ్గరుంటే, ఆగి కదిలే ప్రతిసారీ దాదాపు రెట్టింపు బరువులా పనిచేస్తుంది. ఎందుకంటే అది ముందుకు కదలాలి, గుండ్రంగా తిరగాలి కూడా. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే హైదరాబాద్ రోడ్ల మీద ఫ్యాట్ సైకిల్ తొక్కినవాళ్లకు ఇది పిక్కల్లో తెలుస్తుంది. ఒకే వేగంతో గుట్ట ఎక్కేటప్పుడు మాత్రం 200 గ్రాములు ఎక్కడున్నా 200 గ్రాములే.

అలాగని అన్నిటికన్నా తేలికైన టైరు కొనెయ్యకండి. ఎక్స్‌సీ టైరు ఒక్కోటి 650 నుంచి 800 గ్రాములు ఉంటుంది. డౌన్‌హిల్ టైరు 1200 నుంచి 1400. ఆ తేడా అంతా పక్క గోడల మందం, పంచర్ల నుంచి కాపలా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ రైడర్ టామ్ పిడ్‌కాక్‌కు రేసు మధ్యలో పంచరైంది. చక్రం మార్పించుకుని, వెనకబడి, మళ్లీ అందరినీ అందుకుని బంగారు పతకం కొట్టాడు. ఆయన కోసం చక్రం పట్టుకుని నిలబడ్డ మనుషులున్నారు. మనకు ఊరి బయట పల్లేరు కాయ గుచ్చుకుంటే ఎవరున్నారు? నెట్టుకుంటూ రావడమే. కాబట్టి మన దారులకు టైరులో ఒక 200 గ్రాములు ఎక్కువున్నా అవి పనిచేసే గ్రాములే.

అదనపు షాకబ్జార్బర్ల సంగతి

కిందటి నెల ఓ చెల్లి రాసింది. కొత్తగా ఉద్యోగంలో చేరింది. ఇంటర్ చదివే తమ్ముడికి సైకిల్ కొనాలి, నెలనెలా దాచి 15 వేలు చేసింది. ఊరి నుంచి కాలేజీకి 7 కిలోమీటర్లు, మధ్యలో ఒక గుట్ట. ఆటోకి రోజుకు 40 రూపాయలు. తమ్ముడికేమో ముందూ వెనకా షాకబ్జార్బర్లున్న 20 కిలోల సైకిలే కావాలట, ఫ్రెండ్స్ దగ్గర అదే ఉందట.

నేను చెప్పింది ఇదీ. ఆ ధరలో వెనక షాకబ్జార్బర్ అంటే చాలావరకు ఒట్టి స్ప్రింగే. ఖరీదైన బైకుల్లో స్ప్రింగు ఎగరకుండా ఆపడానికి లోపల నూనెతో నడిచే ఏర్పాటు ఉంటుంది. ఇందులో అది ఉండదు. గుట్ట ఎక్కేటప్పుడు పెడల్ నొక్కిన ప్రతిసారీ సైకిల్ కిందికీ పైకీ ఊగుతుంది. నువ్వు తొక్కే తొక్కుడులో కొంత స్ప్రింగే మింగేస్తుంది. కొన్నాళ్లకు కీళ్ల దగ్గర లూజు, కిర్రుకిర్రు. అంటే ఆ బరువు పని చెయ్యకపోగా పని చెడగొడుతోంది. అదే డబ్బుకు అల్యూమినియం ఫ్రేము, సస్పెన్షన్ లేని మామూలు ఫోర్కు, ఆరేడు గేర్లున్న సైకిల్ 15 కిలోల్లోపు దొరుకుతుంది.

తమ్ముడు 55 కిలోలు. 15 కిలోల సైకిల్‌తో మొత్తం 70, 20 కిలోలదానితో 75. గుట్ట మీద 7 శాతం ఎక్కువ కష్టం, అదీ రోజూ. ఒక్కరోజుకు ఏమీ కాదు. కానీ ఎండాకాలం వచ్చేసరికి "ఇవాళ ఆటోలో పోతాలే" మొదలవుతుంది. నెలకు పాతిక రోజుల కాలేజీ అంటే ఆటోకి వెయ్యి రూపాయలు. అక్క పెట్టిన 15 వేలు తిరిగి రావాలంటే వాడు 15 నెలలు తొక్కాలి. మూడో నెల్లో మూలన పడేసే సైకిల్ ఎంత చవకైనా ఖరీదైనదే.

తమ్ముడు మూడు రోజులు అలిగాడట. ఇప్పుడు తొక్కుతున్నాడు. షాకబ్జార్బర్ల గురించి మాత్రం ఇంకా అడుగుతూనే ఉన్నాడట.

షాపుకెళ్లే ముందు

బ్రోషర్‌లో రాసిన బరువు చాలాసార్లు పెడళ్లు లేకుండా, చిన్న సైజుకు చూసింది అయ్యుంటుంది. పెడళ్లే జత 400 గ్రాముల దాకా ఉంటాయి. కాబట్టి "ఏ సైజుకి? పెడళ్లతోనా?" అని అడగండి. ఫ్రేమ్ స్టీలా, అల్యూమినియమా అడగండి. ముందు ఫోర్క్ ఏంటో చూడండి. చవక స్ప్రింగ్ ఫోర్క్ రెండున్నర కిలోల దాకా ఉంటుంది, రేసుల్లో వాడే గాలి ఫోర్క్ కిలోన్నర. నున్నటి తారు రోడ్డు మీదే తిరిగేవాళ్లకు మామూలు ఫోర్క్ చాలు.

ఇంట్లో ఉన్న సైకిల్ బరువు తెలుసుకోవడం ఇంకా ఈజీ. మనుషులు తూగే మిషన్ మీద ముందు మీరొక్కరే ఎక్కండి, తర్వాత సైకిల్ ఎత్తి పట్టుకుని ఎక్కండి. మొదటిది రెండోదాంట్లోంచి తీసేస్తే అయిపోయింది. ఆ తర్వాత ఒక్కో సామాను చూస్తూ అడగండి, నువ్వు నాకేం చేస్తున్నావని. స్టాండు అరకిలో ఉంటుంది, కానీ మన వీధుల్లో అది లేకపోతే సైకిల్ గోడ వెతుక్కోవాలి, ఉండనివ్వండి. మడ్‌గార్డు వానాకాలంలో వీపు కాపాడుతుంది, ఉండనివ్వండి. వాడని క్యారియర్, రంగుల ప్లాస్టిక్ తొడుగులు, తుప్పు పట్టిన బెల్లు తీసి పక్కన పెట్టండి.

మీ సైకిల్ ఎన్ని కిలోలు తూగిందో, అందులో ఏ కిలో దండగనిపించిందో రాసి పంపండి. వచ్చే వారం టైర్లలో గాలి గురించి. పైసా ఖర్చు లేకుండా సైకిల్ తేలికైనట్టు అనిపించేది దాంతోనే.