కెమిస్ట్రీ ల్యాబు తాళం తీయించండి

తల్లిదండ్రులకూ, మాస్టార్లకూ, విద్యార్థులకూ విజ్ఞప్తి

మోల్ అంటే ఏమిటని ఇంటర్ చదివే పిల్లల్ని అడగండి. అవగాడ్రో సంఖ్య గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. ఒక మోల్ నీళ్లు గ్లాసులో పోసి చూపించమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు. 18 గ్రాములు, అంటే నాలుగు టీస్పూన్లు కూడా నిండవు. ఉప్పయితే 58.5 గ్రాములు, పంచదారయితే 342. బరువులు వేరైనా మూడింటికీ ఆ సంఖ్య ఒకటే. ఈ మూడింటినీ తూచి పక్కపక్కన పెట్టడానికి ఒక్క పీరియడు చాలు. ఆ పీరియడే దొరకడం లేదు.

చాలాచోట్ల ల్యాబు తెరిచేది ప్రాక్టికల్ పరీక్షల ముందే. రికార్డు సీనియర్ల పుస్తకం చూసి ఎక్కించేస్తారు. 30 మార్కులు ఎలాగూ పడతాయని అందరికీ ధీమా. బ్యూరెట్ ముట్టుకోకుండానే టైట్రేషన్ రీడింగులు రాసేవాళ్లున్నారు. ఆ అంకెలు ఎంత ముచ్చటగా కుదురుతాయో చూడాలి!

ఎంట్రన్సులో అడిగేది బిట్లే కదా, ల్యాబెందుకంటారు కొందరు. వాళ్లకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) చూపిస్తాం. నీలం స్ఫటికాలు 5 గ్రాములు తూచి, పింగాణీ మూసలో సన్నని సెగమీద వేడిచేస్తే తెల్లటి పొడి అవుతుంది. మంట మరీ పెంచితే నల్లబడి ప్రయోగం పాడవుతుంది. చల్లార్చి తూస్తే 3.2 గ్రాములకు దగ్గరగా వస్తుంది. తగ్గిన 1.8 గ్రాములూ ఆవిరైపోయిన నీరు. అది 0.1 మోల్, మిగిలిన పొడి 0.02 మోల్. ఒకటికి ఐదు! ఫార్ములాలో ఆ ఐదు నీటి అణువులు ఎక్కణ్ణుంచి వచ్చాయో పిల్లలే తేల్చుకుంటారు. ఆ పొడిమీద రెండు నీటిచుక్కలు వేస్తే మళ్లీ నీలమవుతుంది. మోల్ లెక్కను ఎటు తిప్పి అడిగినా ఈ పిల్లలు తడబడరని మా నమ్మకం.

మైలుతుత్తం రైతు ఇళ్లకు కొత్త సరుకేమీ కాదు. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం. కలిపాక ఇనుప కత్తి ముంచి చూస్తారు. కత్తికి ఎర్రగా రాగి పడితే సున్నం చాలలేదని లెక్క. పదో తరగతి స్థానభ్రంశ చర్య అచ్చంగా ఇదే. అది తోటలో చేసే నాన్న, ఇంట్లో బట్టీపట్టే కూతురు ఒకరి సంగతి ఒకరికి చెప్పుకోరు.

మేం అడిగేది పెద్ద ఖర్చు కాదు. గ్రాములో వందో వంతు చూపే చిన్న డిజిటల్ త్రాసు, స్పిరిట్ దీపం, నాలుగు మూసలు, కళ్లద్దాలు. మైలుతుత్తం విషం కాబట్టి దగ్గర మాస్టారుండాలి, అయ్యాక చేతులు కడుక్కోవాలి. వారానికి రెండు పీరియడ్లు జూన్ నుంచే టైంటేబుల్లో ఉండాలి. రికార్డులో పిల్లలకు వచ్చిన అంకె, తప్పయినా సరే, అదే రాయనివ్వాలి. ఎందుకు తప్పిందో రాసిన వాళ్లకు మార్కులు వేయాలి. అన్నిటికంటే కష్టమైన కోరిక ఇదేనని మాకు తెలుసు.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే. వచ్చే సమావేశంలోనే ఈ మాట ఎత్తండి. ప్రైవేటు కాలేజీలో చేర్పిస్తుంటే, ఫీజు కట్టకముందే ల్యాబు చూపించమనండి. లోపలికెళ్లి కుళాయి తిప్పండి, త్రాసు ఆన్ చేయమనండి, సీసాల మీద దుమ్మెంతుందో చూడండి. తాళంచెవి ఎవరి దగ్గరుందో వెతుక్కోవాల్సి వస్తే, ఆ కాలేజీ గురించి మళ్లీ ఆలోచించండి.