రసాయనశాల గడప తొక్కే ముందు

ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ పూర్తిచేసిన పల్లెటూరి విద్యార్థి ముందు ఇప్పుడు ప్రధానంగా రెండు దారులున్నాయి. పైడిభీమవరం, పరవాడ వంటి చోట్ల మందుల కంపెనీల్లో షిఫ్టు ఉద్యోగం ఒకటి. విశ్వవిద్యాలయంలో పిహెచ్.డి. రెండవది. కంపెనీ బస్సు ఎన్ని గంటలకు వస్తుందో, మొదటి నెల జీతమెంతో మన పల్లెల్లో పది ఇళ్లవారికి తెలుసు. పరిశోధన అంటే ఏమిటో, అక్కడ రోజంతా ఏం చేస్తారో చెప్పగలవారు మాత్రం ఊరంతా వెదికినా కానరారు. ఈ తెలియనితనం వల్ల కొందరు అర్హత ఉండీ ఆ గడప తొక్కడం లేదు. మరికొందరు ఏమీ విచారించకుండా తొక్కి, మూడు నాలుగేళ్ల తర్వాత చేతిలో పట్టా లేకుండా తిరిగివస్తున్నారు. రెండూ పేద కుటుంబాలకు తీరని నష్టమే.

డిగ్రీ సీటు, పిహెచ్.డి. సీటు ఒకటి కావు. డిగ్రీలో విద్యార్థి కాలేజీలో చేరతాడు. ఒక లెక్చరరు సరిగా చెప్పకపోతే మరొకరుంటారు. పిహెచ్.డి.లో ఒక మనిషి దగ్గర చేరతాడు. గైడు ఇచ్చిన సమస్యే అతని సమస్య, గైడు ప్రయోగశాలే అతని ఇల్లు, గైడు సంతకం లేనిదే థీసిస్ కదలదు. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం ఈ చదువుకు కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పొడిగింపులు ఆపైన. పిల్లనిచ్చేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడమన్నారు పెద్దలు. అటువంటిది, బిడ్డ యౌవనంలో ఐదారేళ్లు ఎవరి చేతిలో పెడుతున్నామో ఒక్క మాటైనా విచారించకపోవడం శోచనీయం.

ఆ గదిలో జరిగే పని కూడా తెలిసి ఉండాలి. ఆర్గానిక్ కెమిస్ట్రీ తీసుకుంటే, కొత్తగా చేరినవాడు తొలుత సీనియరు చేసిన రియాక్షన్‌నే మళ్లీ చేసి, అదే ఫలితం తేవాలి. తేమ తగలకుండా నైట్రోజన్ కింద రియాక్షన్ పెట్టాలి. టి.ఎల్.సి. ప్లేటు మీద చుక్క పెట్టి అది ఎంతవరకు వచ్చిందో చూస్తూ ఉండాలి. వచ్చిన సరుకును సిలికా జెల్ నింపిన కాలమ్‌లో పోసి శుద్ధి చేయాలి. ఎన్.ఎం.ఆర్. తీయించి అనుకున్నది వచ్చిందో లేదో తేల్చుకోవాలి. చేసినదంతా ఏ రోజుది ఆ రోజు నోటుబుక్కులో రాయాలి. ఇంత చేసినా అనుకున్నది రాకపోవచ్చు. నెలల తరబడి రాకపోవచ్చు. అది విద్యార్థి తెలివితక్కువతనం కాదు. వానలు మొహం చాటేస్తే రైతు మళ్లీ విత్తనం వేసినట్టే ఇక్కడా మళ్లీ మొదలుపెట్టాలి. అటువంటి రోజుల్లో పక్కన నిలిచేది గైడూ, సీనియర్లే. అందుకే ఏ విశ్వవిద్యాలయం అన్నదానికంటే ఎవరి గ్రూపు అన్నదే ముఖ్యం.

మంచి గ్రూపు ఏం చేయగలదో మన చరిత్రలోనే ఉంది. ఇంగ్లండులోని మాంచెస్టరులో రాబర్ట్ రాబిన్సన్ దగ్గర పరిశోధన చేసి వచ్చిన ప్రొఫెసర్ టి.ఆర్.శేషాద్రి 1930వ దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరి, పత్తిపూలలోనూ ఇతర మొక్కలలోనూ ఉండే రంగు పదార్థాల మీద శిష్యుల చేత పరిశోధనలు చేయించారు. 1949లో ఆయన ఢిల్లీ వెళ్లేనాటికి వాల్తేరు రసాయనశాస్త్రానికి దేశంలో పేరొచ్చింది.

భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డులో సైరస్ ఫిస్కే ప్రయోగశాలలో పనిచేశారు. శరీర ద్రవాల్లో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతిని ఆ ఇద్దరూ 1925లో ప్రకటించారు. సుబ్బారావుకు పిహెచ్.డి. వచ్చింది 1930లో. అంటే అప్పటికింకా ఆ పట్టా చేతికి రాలేదు. అయినా దానిని నేటికీ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే అంటారు. పనిచేసినవాడి పేరు గైడు పేరు పక్కన నిలవడం న్యాయం. ఆ న్యాయం జరిగే గ్రూపునే వెదుక్కోవాలి.

ఇక డబ్బు సంగతి. సి.ఎస్.ఐ.ఆర్. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్, అదనంగా ఇంటి అద్దె భత్యం ఉన్నాయి. 2024 నుంచి అదే పరీక్షలో కేవలం పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే అర్హత ఇచ్చే మరో కోవ కూడా వచ్చింది. ఈ కోవలో వచ్చినవారికి ప్రవేశార్హత ఉంటుంది గాని జె.ఆర్.ఎఫ్. ఉండదు. ఈ తేడా తెలుసుకోకుండా ఊరు విడిచి వెళ్లరాదు. జె.ఆర్.ఎఫ్. వచ్చినా తొలి చెల్లింపు ఆలస్యం కావచ్చు కనుక, కొన్ని నెలల తిండికీ గది అద్దెకూ ముందే ఏర్పాటు చేసుకోవాలి.

విద్యార్థి మొహమాటపడకుండా అడగవలసిన విషయాలు కొన్ని ఉన్నాయి. గైడు దగ్గర ఇప్పుడు ఎందరున్నారు? నిబంధన ప్రకారం ప్రొఫెసరు ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి ఒకేసారి గైడుగా ఉండరాదు. గైడు రిటైర్మెంటుకు ఎన్నేళ్లున్నాయి? మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త విద్యార్థులను తీసుకోరాదు. ఇంతకుముందు చేరినవారు ఎన్నేళ్లలో థీసిస్ ఇచ్చారు, ఇప్పుడు ఎక్కడున్నారు? రసాయనాలు కొనడానికి ప్రాజెక్టు డబ్బుందా? ఎన్.ఎం.ఆర్. అక్కడే ఉందా, బయటికి పంపాలా? పాత థీసిస్‌లు చాలావరకు శోధ్‌గంగలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, గైడు లేని సమయంలో సీనియర్లతో టీకొట్టు దగ్గర ఒక గంట కూర్చోవాలి. చెప్పినదాంట్లోనే కాదు, చెప్పడానికి వెనుకాడినదాంట్లోనూ సంగతి తెలిసిపోతుంది.

భద్రత గురించి అడగడం పిరికితనం కాదు. అమెరికాలోని లాస్ ఏంజిల్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో 2008 డిసెంబరులో గాలి తగిలితే అంటుకునే ద్రవాన్ని సిరంజితో తీస్తుండగా మంటలు లేచి, 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు కాలిపోయి, మరుసటి నెలలో కన్నుమూసింది. ఆమె ఒంటి మీద ల్యాబ్ కోటు లేదు. ఆ గైడు మీద క్రిమినల్ కేసు కూడా నడిచింది. అంత పెద్ద విశ్వవిద్యాలయంలోనే అలా జరిగినప్పుడు, ఫ్యూమ్ హుడ్ పనిచేస్తున్నదా, కళ్లద్దాలు ఇస్తారా, రాత్రివేళ ఒంటరిగా పనిచేయిస్తారా అని మన పిల్లలు అడగడంలో తప్పేముంది? ఆడపిల్లలు మరి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ప్రసవానికి, బిడ్డ సంరక్షణకు మొత్తం కాలంలో 240 రోజుల వరకు సెలవు ఉంది. పెళ్లయి వేరే ఊరు వెళ్లవలసివస్తే నిబంధనలకు లోబడి పరిశోధనను మరో విశ్వవిద్యాలయానికి మార్చుకోవచ్చు. పెళ్లితో చదువు ఆగిపోనక్కరలేదు.

అయితే భారమంతా విద్యార్థి మీద వేయడం న్యాయం కాదు. ప్రొఫెసరు ఎదుట నోరెత్తడానికే జంకే తెలుగు మీడియం పిల్లవాడు ఇన్ని ప్రశ్నలు అడగగలడా? కాబట్టి విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర శాఖలే ముందుకు రావాలి. ప్రతి గైడు దగ్గర ఎన్ని ఖాళీలున్నాయో, గతంలో ఎందరు చేరారో, ఎందరు పూర్తిచేశారో, ఎందరు మధ్యలో మానేశారో ప్రవేశాల ప్రకటనతో పాటే తెలుగులోనూ ప్రకటించాలి. ఏడాదికొక రోజైనా జిల్లాలోని డిగ్రీ, పి.జి. కాలేజీల విద్యార్థులను పిలిచి ప్రయోగశాలలు చూపించాలి. గైడుతో పొసగనివారు భయం లేకుండా మరొకరి దగ్గరకు మారే మార్గాన్ని ముందే చెప్పాలి. వీటిలో దేనికీ కోట్లు ఖర్చు కావు.

పల్లెల్లో తెలివికి కొదవ లేదు, చెప్పేవారికే కొదవ. ఆ కొరత తీర్చవలసింది విశ్వవిద్యాలయాలే. వచ్చే ప్రవేశాల ప్రకటనలోనైనా ఈ వివరాలు ఇచ్చేందుకు అధికారులు చొరవ చూపాలని జిల్లా విద్యార్థుల తరఫున కోరుతున్నాం.