కొత్త స్టవ్ కొంటున్నారా?
పండక్కి కొత్త గ్యాస్ స్టవ్ కొనాలని ముచ్చటపడుతున్నారా? షోరూంలో తళతళలాడే నాలుగు బర్నర్ల స్టవ్ చూస్తే మనసు లాగేస్తుంది, నిజమే. కానీ నలుగురున్న ఇంట్లో నాలుగు బర్నర్లూ ఒకేసారి వెలిగించేదెప్పుడు చెప్పండి? మధ్యరకం ధరలో రెండు, మహా అయితే మూడు బర్నర్లది చాలు. ఆ మిగిలిన డబ్బుతో మంచి ఇత్తడి బర్నర్లున్నది తీసుకోండి, ఏళ్ల తరబడి మన్నుతుంది.

కొట్టుకెళ్లే ముందు మీ పెద్ద కుక్కరు, పెసరట్ల పెనం వెడల్పు కొలుచుకోండి. అవి రెండూ పక్కపక్కన పట్టకపోతే మూడో బర్నర్ అలంకారానికే! గాజు పలక తుడవడానికి సులువే గానీ, బాగా వేడెక్కినప్పుడు చన్నీళ్లు పడితే పగలొచ్చు. హడావిడి వంటింటికి స్టీలుదే నయమంటాను.

ఐఎస్ఐ గుర్తు లేనిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. గ్యాస్ వేడిలో కనీసం 68 శాతం గిన్నెకు అందాలన్నది ఆ ప్రమాణం. నెలనెలా సిలిండర్ ఖర్చు తేలేది అక్కడే మరి.

కొత్త స్టవ్‌కి పాత ట్యూబు తగిలించే పొదుపు మాత్రం వద్దమ్మా! సురక్షా ట్యూబు 5 ఏళ్లకోసారి మార్చాల్సిందే. స్టవ్ ఎప్పుడూ సిలిండర్ కంటే ఎత్తులో, గట్టుమీదే ఉండాలి. బిగించాక మంట నీలంగా వస్తోందా? పచ్చగా వస్తూ గిన్నెలకు మసి పడుతుంటే, రసీదు పట్టుకెళ్లి మెకానిక్‌ని పంపమని కొట్టువాళ్లనే అడగండి.