వేప ఎండితే ఏ శాఖను అడగాలి?

ఆగస్టు దాటాక మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా పొలం ఒడ్ల మీది వేపచెట్లను ఒకసారి చూడండి. కొమ్మల చివర్లు మంట సెగ తగిలినట్టు మాడి కనిపిస్తాయి. 2021లో రాష్ట్రమంతా ఇట్లనే ఎండినప్పుడు సెల్ టవర్ల వల్ల అని కొందరు, అమ్మవారి కోపం అని కొందరు అనుకున్నారు.

దీని పేరు డైబ్యాక్, అంటే కొమ్మ ఎండు తెగులు. ఫోమాప్సిస్ అజాడిరక్టే అనే శిలీంధ్రం దీనికి మూలం. కొత్తదేమీ కాదు, మైసూరు శాస్త్రవేత్తలు 1997లోనే దీన్ని గుర్తించి పేరు పెట్టారు. టీ దోమ అనే పురుగు లేత చిగుళ్ల రసం పీలుస్తుంది, ఆ గాయంలోంచి శిలీంధ్రం లోపలికి పోతుంది. చెట్టు చావదు, మళ్లీ చిగురిస్తుంది, నరకొద్దు అని మన జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పారు. చాలా చెట్లు చిగురించిన మాట నిజమే. కానీ చిగురించిన చెట్టే మళ్లీ మళ్లీ ఎండుతుంటే ఎన్నేళ్లు తట్టుకుంటుంది?

వేప మెట్ట నేల చెట్టు. కరువును ఓర్చుకుంటుంది గానీ మొదట్లో నీళ్లు నిలిస్తే ఓర్చుకోదు. ఇప్పుడు వానల తీరు మారింది. వారాల తరబడి చుక్క పడదు, పడితే చెరువులు తెగేటట్టు పడుతుంది. మన జిల్లాలోనే ఘట్‌కేసర్ దగ్గర 2020 అక్టోబరులో ఒక్క రోజులో 32 సెంటీమీటర్ల వాన కురిసింది. అటు ఎండదెబ్బ, ఇటు నీటి ముంపు తిన్న చెట్టు మీద తేమలో పెరిగే తెగులు పడితే ఏమవుతుందో రైతుకు వేరే చెప్పాలా?

అట్లని మొత్తం వాతావరణం మీదికి నెట్టేస్తే కొందరికి బాగా కలిసొస్తుంది. వాన నీళ్లు పోయే వాగులు పూడ్చి లేఅవుట్లు వేసింది ఎవరు? రోడ్డు వెడల్పు పేరుతో చెట్ల వేర్లు తెంపి, మొదలు చుట్టూ సిమెంటు పోసింది ఎవరు? అది మబ్బులు చేసిన పని కాదు.

మనకు వేప అంటే నీడ ఒక్కటే కాదు. 5 కిలోల వేప గింజల పొడి, 100 లీటర్ల నీళ్లు ఉంటే కషాయం తయారు. కూరగాయలు పండించే మన చిన్న రైతులకు ఇంతకంటే చౌక మందు లేదు. తెగులు బాగా పట్టిన చెట్టుకు పూత, కాయ నిలవవు. గింజ లేకుంటే వేపనూనె సీసా కోసం దుకాణానికి పోవాల్సిందే. 2015 నుంచి దేశంలో తయారయ్యే యూరియాకంతా వేపనూనె పూత తప్పనిసరి చేసిన ప్రభుత్వానికి ఆ చెట్టు బాగోగులు పట్టవా?

మందు ఉంది. కార్బెండజిమ్ లాంటి శిలీంధ్రనాశిని, దోమకు పురుగుమందు చెప్పారు. కానీ 40 అడుగుల చెట్టుకు చేతి పంపుతో ఎట్ల కొట్టాలి? మేకలు ఆ ఆకే తింటాయి, మనం ఆ పుల్లతోనే పళ్లు తోముకుంటాం. ఈ సంగతి అడుగుదామని మేం ఒక ఆఫీసుకు పోతే వేప పంట కాదన్నారు. ఇంకో ఆఫీసులో ఒడ్డు మీది చెట్టు అడవి కిందికి రాదన్నారు. కండ్లకోయ ఆక్సిజన్ పార్కులో, శామీర్‌పేట జింకల పార్కులో చెట్లను చూసుకోను సిబ్బంది ఉన్నారు. ఒడ్డు మీది చెట్టుకు రైతు తప్ప దిక్కు లేదు.

దూలపల్లిలోనే కేంద్ర ప్రభుత్వ అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. అక్కడి శాస్త్రవేత్తలు వ్యవసాయ అధికారులతో కలిసి వానాకాలం మొదట్లోనే ఊళ్లకు రావాలి. ఎత్తు చెట్లకు మందు కొట్టే యంత్రం మండలానికి ఒకటైనా పంచాయతీల ద్వారా ఇవ్వాలి. హరితహారంలో కోనోకార్పస్ విచ్చలవిడిగా నాటించి, తర్వాత ప్రభుత్వమే వద్దన్నది. ఆ జాగాలో వేప, కానుగ, చింత, మర్రి నారు పెంచాలి.

ఈలోగా మనం చేసుకోదగ్గవి ఉన్నాయి. ఎండిన కొమ్మలను పొడి రోజు చూసి కోసి కాల్చేయండి, ఒడ్డు మీద వదలొద్దు. ఈ తెగులు గింజ ద్వారా కూడా వస్తుంది. కాబట్టి పచ్చగా నిలబడ్డ చెట్లను ఇప్పుడే గుర్తు పెట్టుకొని, వచ్చే జూన్, జూలైలలో వాటి పండ్లే ఏరండి. వేప గింజ ఎక్కువ రోజులు ఆగదు, గుజ్జు కడిగి నీడన ఆరబెట్టి రెండు మూడు వారాల్లోపే నారు పోయాలి. ఏ ఊళ్లో ఎన్ని చెట్లు ఎండాయో లెక్క రాసి మండల కమిటీకి ఇవ్వండి. ఆ కాగితాలు పట్టుకొనే కలెక్టరేట్‌కు పోదాం.