చెఖోవ్‌ను తెలుగు పీరియడ్‌లోకి రానివ్వండి

ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి ఇంగ్లిష్ పుస్తకాల్లో ఏళ్లుగా ఉన్న ‘ఎ లెటర్ టు గాడ్’, ‘ది నెక్లెస్’ ఇంగ్లిష్‌లో పుట్టిన కథలు కావు. మొదటిది మెక్సికో రచయిత ఫుయెంటెస్ స్పానిష్‌లో రాసింది, రెండోది మొపాసా ఫ్రెంచ్ కథ. అంటే పిల్లలు చదువుతున్నవి అనువాదాలే. అక్కడ ఎవరికీ లేని అభ్యంతరం తెలుగు వాచకం దగ్గరికి వచ్చేసరికి ఎందుకు? పరాయి దేశపు కథ ఇంగ్లిష్ పీరియడ్‌లోనే వినిపిస్తే అర్థాలు, గ్రామర్, ఖాళీల కింద నలిగిపోతుంది. ఇంగ్లిష్ కూడబలుక్కుని చదివే పిల్లకు కథ మీద మాట్లాడే నోరెక్కడిది? తెలుగులో అయితే ఆ పిల్లే టీచర్‌తో వాదనకు దిగుతుంది.

చెఖోవ్ 1886లో రాసిన ‘వాంకా’నే చూడండి. మాస్కోలో చెప్పులు కుట్టేవాడి దగ్గర పనికి కుదిరిన తొమ్మిదేళ్ల అనాథ కథ అది. ఉయ్యాల ఊపుతూ కునికాడని యజమాని జుట్టు పట్టి ఈడ్చి కొట్టాడు. చేపను తోక వైపు నుంచి శుభ్రం చేయబోయాడని యజమానురాలు ఆ చేప తలతోనే మొహం మీద పొడిచింది. తనను తీసుకుపొమ్మని పిల్లవాడు క్రిస్మస్ ముందు రాత్రి తాతకు ఉత్తరం రాస్తాడు. కవరు మీద పల్లెలో ఉండే తాతకని రాసి, కాస్త ఆలోచించి ఆయన పేరు కూడా చేరుస్తాడు. ఊరి పేరు మాత్రం ఉండదు. ఆ ఉత్తరం చేరదని చెఖోవ్ ఎక్కడా చెప్పడు. కనిపెట్టాల్సింది చదివే పిల్లలే. అందుకు రష్యా చలి తెలిసి ఉండక్కర్లేదు. హోటల్లో బల్లలు తుడిచే తమ ఈడు పిల్లవాణ్ని చూసి ఉంటే చాలు.

మన సాహిత్యానికే చోటు చాలడం లేదంటారు. కానీ మనవనుకునే నన్నయ భారతానికీ, చిన్నయసూరి నీతిచంద్రికకూ మూలాలు సంస్కృతంలో ఉన్నాయి. వీరేశలింగం రాజశేఖర చరిత్ర వెనక గోల్డ్‌స్మిత్ నవల ఉంది. ఏడాదికి ఒకటి రెండు కథలతో ఈ ఇల్లు ఇరుకైపోదు. అనువాదాల తెలుగు కొయ్యబారి ఉంటుందన్నది మాత్రం కొట్టిపారేయలేని మాట. అయితే మాస్కోలో అనువాదకులుగా పనిచేసిన ఉప్పల లక్ష్మణరావు, రా.రా. వంటివారున్నారు, ‘ఏడు తరాలు’ను మనవాళ్ల చేత చదివించిన సహవాసి ఉన్నారు. అలాంటివారి అనువాదాల్లోంచి ఏరుకోవచ్చు, చాలకపోతే కొత్తగా చేయించవచ్చు. పాఠం కింద అనువాదకుడి పేరు కూడా వేయాలి. ఇక పరీక్ష సంగతి. వాంకా ఉత్తరం చేరుతుందా అని అడిగితే గైడ్లు దానికీ జవాబు అచ్చేస్తాయి. కాబట్టి ఈ కథలను ఉపవాచకంలో పెట్టి, తరగతిలో నోటితో చెప్పినదానికే ఫార్మేటివ్ మార్కులు ఇవ్వడం మేలు.