గోల్డొచ్చిందా, ఫస్టొచ్చిందా?

మొన్న డిసెంబర్లో మా అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, చిన్నది ఇంటర్నేషనల్‌కి సెలెక్టయిందిరా! యూరప్ అట. మూడు లక్షలు కట్టాలిట, పదో తారీఖు లోపల."

చిన్నదంటే నా మేనకోడలు, ఎనిమిదో క్లాసు. స్కూలు క్వయర్లో పాడుతుంది. (క్వయరంటే కొబ్బరిపీచు అనుకున్నాడు మా బావ చాన్నాళ్ళు. ఆయన తప్పేం లేదు లెండి.)

సెలెక్టయితే ఎదురు డబ్బులు కట్టడమేంటీ అని నాకో డౌటు. మన వృత్తిధర్మం ప్రకారం ముందు స్పెసిఫికేషన్ చదవాలి కదా (చదవం, అది వేరే విషయం). ఈసారి మాత్రం ఆ ఫెస్టివల్ నిబంధనలన్నీ కూర్చుని చదివాను. వాళ్ళెక్కడా దాచలేదు, శుభ్రంగా రాశారు. పిల్లల్ని పోటీకి పంపిన విభాగానికి సెలెక్షనే లేదు! ఫారం నింపి, ఫీజు కట్టి, టైముకి వెళ్తే చాలు. "సెలెక్ట్" అన్నమాట మన స్కూలు వాళ్ళు కలిపింది.

ఇదేం వింత పద్ధతి కాదు. క్వయర్లకి ఒలింపిక్స్ లాంటిది వరల్డ్ క్వయర్ గేమ్స్. 2000లో ఆస్ట్రియాలోని లింజ్‌లో మొదలైంది, 2024లో ఆక్లండ్‌లో జరిగింది. (మావాళ్ళు వెళ్ళింది దానికి కాదు.) అక్కడ కూడా ఛాంపియన్స్ పోటీ వేరు, ఎవరైనా పాల్గొనగలిగే ఓపెన్ పోటీ వేరు. మెడల్సేమో మార్కులని బట్టి ఇస్తారు. అన్ని మార్కులు దాటితే గోల్డు, ఇన్ని దాటితే సిల్వరు. ఒకే విభాగంలో నాలుగు బృందాలకి గోల్డు రావచ్చు. వాళ్ళందరిలో ఎక్కువ మార్కులొచ్చిన బృందమే ఛాంపియన్.

అంటే గోల్డు మన డిస్టింక్షన్ లాంటిదన్నమాట. ఎంసెట్ ఫస్టు ర్యాంకు కాదు. ర్యాంకుల కోసం జీవితాలు ధారపోసిన జాతి మనది, ఈ తేడా మనకొకరు చెప్పాలా? అయినా సరే, ఏ స్కూలు పిల్లలు గోల్డుతో తిరిగొచ్చినా మర్నాటికల్లా గేటు ముందు "ప్రపంచ విజేతలు" అని ఫ్లెక్సీ.

డిస్టింక్షన్ చిన్న విషయమని నేననట్లేదు. 2010లో చైనాలోని షావోషింగ్‌లో షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్ పోటీ చేసిన మూడు విభాగాల్లోనూ గోల్డు తెచ్చుకుంది. పాడగలిగారు కాబట్టే వచ్చాయి. అసలు వెళ్ళడమే దండగ అని కూడా అనట్లేదు. 1955లో వేల్స్‌లోని లాంగోలెన్ ఫెస్టివల్‌కి ఇటలీ నుంచి ఒక ఊరి క్వయర్ వెళ్ళింది. అందులో ఒక బేకరీ పనివాడు, ఆయన పక్కనే పందొమ్మిదేళ్ళ కొడుకు. అక్కడ వాళ్ళకి ఫస్టు ప్రైజొచ్చింది, నిజం ఫస్టే. ఆ కుర్రాడు పవరోట్టి. తను గాయకుణ్ణవడానికి ఆ గెలుపే కారణమని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు. ఇలాంటిది విన్నాక ఏ పిల్లనైనా వద్దని ఎలా ఆపుతాం?

నా మంట అంతా ఇక్కడ. ఈ స్కూలు క్వయర్లో పిల్లలు నలభై రెండు మంది. విమానం ఎక్కింది ఇరవై ముగ్గురు. మిగతా పందొమ్మిది మందికి గొంతు బాగోలేక కాదు, ఇంట్లో మూడు లక్షలు లేక. పైగా వాళ్ళని "రిజర్వ్" అన్నారుట! పాస్‌పోర్టూ బ్యాంకు స్టేట్‌మెంటూ చూసి బృందాన్ని కట్టి, దానికి ప్రతిభ అని పేరు పెట్టారు.

"డబ్బున్నవాళ్ళు పంపుకుంటారు, నీకేంటి బాధ?" అన్నాడు మా టీంలో ఒకడు. సోలో పాటల పోటీ అయితే నాకేం బాధ లేదు నాయనా. కానీ క్వయర్ అలా కాదే! పైస్థాయి వాళ్ళు సోప్రానో, కిందిస్థాయి వాళ్ళు ఆల్టో. ఎవరి వరస వాళ్ళది, అన్నీ కలిస్తేనే పాట. ఆల్టోలో సగంమంది లేకపోతే పాట సగం తగ్గదు, మొత్తం ఒరిగిపోతుంది. ప్రొడక్షన్ సర్వర్లలో సగం ఆపేసి, ఉన్నవాటితో నడిపించండి అన్నట్టుంటుంది. పిల్లలు ఏడాది పాటు ఒకళ్ళ ఊపిరి ఒకళ్ళు వింటూ నేర్చుకున్నది పది రోజుల్లో విరగ్గొట్టి, మళ్ళీ అతికించారు.

పోనీ అందరూ కలిసి వెళ్ళగలిగిన చోటికే వెళ్ళొచ్చుగా? అదే ఖర్చుతో మొత్తం నలభై రెండు మందినీ చెన్నైకి రైల్లో తీసుకెళ్తే ఇంకా మిగిలేది. చిత్తూరులో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్ మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి మన భాషల పాటల్నే బృందగానంగా పాడించాడు. ఆ పేరు మన స్కూళ్ళలో ఎందరికి తెలుసో! ఉహూఁ, రైల్లో వెళ్తే ఫ్లెక్సీ మీద విమానం బొమ్మ ఎలా వేస్తారు?

డబ్బు నేనిస్తానన్నాను. బావ ఒప్పుకోలేదు. "దీనికి నువ్విస్తావు సరే. దీని పక్కన నిలబడి పాడే పిల్లకి ఎవరిస్తారు?" అన్నాడు. కొబ్బరిపీచు అనుకున్న మనిషికి, మాస్టర్లకి తట్టనిది తట్టింది. చిన్నది కూడా వెళ్ళనంది. రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదని అక్క తర్వాత చెప్పింది.

గోల్డొచ్చింది. ఫ్లెక్సీ వేశారు. గ్రూపులో వీడియో పెట్టారు. ఆ రాత్రి చిన్నది నాకు ఫోన్ చేసింది.

"మామయ్యా, వీడియో చూశావా?"

"చూశానమ్మా. బానే పాడారు."

"మా ఆల్టోలో ఎంతమందున్నారో లెక్కపెట్టావా? ముగ్గురే. మేం ఎనిమిది మందిమి."