ఆవిష్కరణము: పండుగయా, పరిశ్రమయా?

తెలుగుభాషలో 'ఆవిష్కరణము' అను మాటకు నేడు మూడు విధముల వాడుక కలదు. విగ్రహముమీది ముసుగును తొలగించుట ఆవిష్కరణము. క్రొత్త పుస్తకమును సభలో పదిమందికి చూపుట ఆవిష్కరణము. అంతవరకు లోకమున లేని వస్తువునో, పద్ధతినో కనుగొని మనుష్యుల ఉపయోగమునకు తెచ్చుటయు ఆవిష్కరణమే. మొదటి రెండును ఒక ముహూర్తమున ముగియును. వేదిక, పూలదండ, ఛాయాచిత్రము ఉన్న చాలును. మూడవదానికి ఏండ్లు పట్టును. అది జరుగుచున్నప్పుడు చూచువారే యుండరు. మాట ఒక్కటే అగుటచేత కాబోలు, ఈ మూడవదానిని కూడ మొదటి రెండింటివంటి పండుగగా భావించు అలవాటు బలపడుచున్నది. హైదరాబాదు మహానగరమును గూర్చి సాగుచున్న ప్రసంగములలో ఈ పొరపాటు స్పష్టముగ కనబడును.

1998వ సంవత్సరము నవంబరులో నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి మాదాపూరులో సైబర్ టవర్స్ భవనమును ప్రారంభించిరి. అదిమొదలు రాతిగుట్టలతో నిండిన ఆ ప్రదేశమున అద్దాలమేడలు లేచినవి. 2015లో అంకుర సంస్థలకు ఆశ్రయముగా టీ-హబ్ వెలసినది. 2022లో దానికి మరింత విశాలమైన భవనము సిద్ధమైనది. వీనిని తక్కువ చేసి మాటలాడుట న్యాయము కాదు. వేలకొలది పల్లెటూరి కుటుంబములకు ఈ పరిసరములే జీవనాధారమును కల్పించినవి. అయినను, పాఠశాలలో చదువుచున్న బాలుడు పత్రికలలో ఈ మేడల చిత్రములను మాత్రమే చూచి, నవకల్పన యనగా ఎత్తైన భవనమనియు, అతివేగముగ చేకూరు ధనమనియు తలచినయెడల, ఆ తప్పు బాలునిది కాదు. నగరము తన కథలో చివరి ప్రకరణమును మాత్రమే అతనికి చదివి వినిపించుచున్నది.

మొదటి ప్రకరణములు నగరపు మరియొక దిక్కున నున్నవి. బాలానగరము మీదుగ పోవు బస్సులలో నేటికిని 'ఐ.డి.పి.ఎల్.' అను పేరు వినబడును. ఈశాన్యమున 'ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా' కలదు, దాని చేరువనే ఏ.ఎస్. రావు నగర్ కలదు. ఆ మార్గమున నిత్యము తిరుగువారిలో ఆ అక్షరముల వెనుక నున్న చరిత్రను ఎరిగినవారు ఎందరు? పశ్చిమగోదావరి జిల్లావారైన అణుశాస్త్రజ్ఞుడు అయ్యగారి సాంబశివరావు సారథ్యమున 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా స్థాపితమైనది. కంప్యూటరు ఇంటి వస్తువగునని దేశమున సామాన్యుడెవ్వడును ఊహింపని కాలముననే టి.డి.సి. శ్రేణి కంప్యూటర్లు ఆ సంస్థలో తయారైనవి. సైబర్ టవర్స్ కు పునాది పడుటకు మూడు దశాబ్దములకు ముందే నగరమునకు ఎలక్ట్రానిక్ విద్య అలవడినదని గ్రహింపవలెను.

మందుల పరిశ్రమ కథ ఇంకను పాతది. నిజాము ప్రభుత్వ కాలమున 1944లో హైదరాబాదులో ఒక శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనశాల ఏర్పడినది. అదియే 1956లో ప్రాంతీయ పరిశోధనశాలగను, 1989లో భారత రసాయన సాంకేతిక సంస్థగను పేరు మార్చుకొన్నది. 1961లో కేంద్రప్రభుత్వము ఐ.డి.పి.ఎల్. ను స్థాపించి, సోవియట్ దేశపు సహకారముతో హైదరాబాదున ఔషధ కర్మాగారమును నెలకొల్పినది. తాడేపల్లిలో పసుపు పండించు రైతు ఇంట జన్మించిన కల్లం అంజిరెడ్డి రసాయన ఇంజనీరింగున డాక్టరేటు పొంది, 1969లో ఉద్యోగిగా చేరినది ఈ కర్మాగారమునందే. ఇంతలో 1970 నాటి పేటెంటు చట్టము 1972లో అమలునకు వచ్చినది. మందుపై గాక, మందును తయారుచేయు పద్ధతిపై మాత్రమే ఆ చట్టము హక్కు నిచ్చినది. అనగా, అదే మందును వేరొక మార్గమున తయారు చేయగలవానికి తలుపు తెరచుకొన్నది. అట్టి మార్గములను వెదకుటకు రసాయన శాస్త్రజ్ఞులు కావలెను. వారిని తీర్చిదిద్దిన బడులు పరిశోధనశాలయు, ఐ.డి.పి.ఎల్. కర్మాగారమును. అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ ఈ నేలలో మొలచిన మొక్కయే. 2005లో చట్టము మరల మారి, మందుపై కూడ పేటెంటు హక్కు వచ్చునప్పటికి ఆ మొక్క మహావృక్షమైనది.

మరియొక ఉదాహరణము ఇంతకంటె మనసునకు హత్తుకొనును. కాలేయమును చెరచు హెపటైటిస్-బి వ్యాధికి విదేశములనుండి వచ్చు టీకా, మోతాదు ఒక్కింటికి వందల రూపాయల వెల పలుకుచుండెను. పేదవానికి అది అందని పండు. వృత్తిచే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన కె.ఐ. వరప్రసాదరెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ ను స్థాపించి, ఆ టీకాను స్వదేశమున తయారుచేయ సంకల్పించిరి. నాడు వారికి సొంత భవనము లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయమును, కణ-అణు జీవశాస్త్ర కేంద్రమును తమ ప్రయోగశాలలలో చోటిచ్చినవి. ఆ కేంద్రము సైతము 1977లో ప్రాంతీయ పరిశోధనశాల ఒడిలోనే పుట్టినది. వైరసునందలి ఒక్క మాంసకృత్తును ఈస్టు కణములచే ఉత్పత్తి చేయించి, శుద్ధిచేసి టీకాగ మలచుటకు నాలుగేండ్లు పట్టినది. 1997లో ఆ టీకా విపణికి వచ్చినది, వెల దిగివచ్చినది. 2011 నాటికి హెపటైటిస్-బి టీకా దేశమందలి శిశువులందరికిని ప్రభుత్వమే ఉచితముగ వేయించు టీకాలలో చేరినది. ఒక ఆవిష్కరణమును కొలుచుటకు ఇంతకంటె మంచి కొలబద్ద యుండదు: దానివలన ఎవని బాధ తగ్గినది? ఎవనికి అందనిది అందినది?

ఈ కథలన్నిటను ఒక్క సూత్రము కలదు. ఫలము వ్యాపారి తోటలో కనబడినను, విత్తనము ప్రజాధనముతో నడచిన పరిశోధనశాలలోనిది. విత్తనపు గింజలు వండుకొని తిన్న రైతునకు మరుసటి యేడు పంట లేదు. ఐ.డి.పి.ఎల్. 1992లో రోగగ్రస్త సంస్థగా ప్రకటింపబడినది. లోకమునకు మందు లిచ్చు నగరమున మందులబడియే మంచము పట్టినది. శాంతా సంస్థ 2009లో విదేశీయ సంస్థయైన సనోఫీ వశమైనది. వ్యాపారమున చేతులు మారుట సహజమే. కాని పాత విత్తనములనుండి పంట కోసికొనుచున్నవారు, క్రొత్త విత్తనములకై గాదెలో ఏమి దాచుచున్నారో చెప్పవలసిన బాధ్యత కలదు.

ఈ వెలుగుల క్రింద నీడయు లేకపోలేదు. పటాన్‌చెరువు ప్రాంతపు ప్రజలు మందుల కర్మాగారముల వ్యర్థజలముతో చెరువులను, పొలములను, బావులను పోగొట్టుకొని న్యాయస్థానముల నాశ్రయించిరి. అచటి శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు, కొన్ని సూక్ష్మజీవులకు విషమగు మోతాదుకంటె వేయిరెట్లకు మించి యున్నదని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు వెల్లడించిరి. మందునకు లొంగని సూక్ష్మజీవులు పుట్టుటకు ఇట్టి నీరే పొత్తిలి. ఒకచోట రోగమును పోగొట్టి మరియొకచోట రోగమును పెంచు విద్యను పూర్ణవిద్య యనరాదు. పొరుగువాని బావిని కూడ లెక్కలోనికి తీసికొనుట నవకల్పనలో అంతర్భాగము కావలెను.

ఇక పాఠశాల మాట. ఎన్నో ఉన్నత పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర ప్రయోగము నల్లబల్లపై వ్రాయబడి, నోటుపుస్తకమున కెక్కి, పరీక్షలో అప్పగింపబడుచున్నది. చేతులతో చేయబడుట లేదు. పరీక్షనాళికలు బీరువాలో భద్రముగ నున్నవి. పగిలిన జమాఖర్చు చెప్పవలెనను భయముతో ఉపాధ్యాయుడు తాళము తీయడు. చేసిన ప్రయోగము విఫలమైనప్పుడు 'ఎందుకిట్లయినది?' అని విద్యార్థి అడుగు ప్రశ్నయే పరిశోధనకు ఓనమాలు. ఆ ప్రశ్న అడుగుటకు భాష అడ్డు రాకూడదు. పరభాష వచ్చిన పిమ్మట ప్రశ్నింతునని బాలుడు నోరు మూసికొన్నయెడల, భాష వచ్చునప్పటికి ప్రశ్న మరచిపోవును. ఇంగ్లీషు నేర్పవలసినదే, ప్రపంచ శాస్త్రమునకు అది వాకిలి. అయితే ఆలోచన మొదలిడుటకు ఇంటిభాష చాలును. పసుపు ఉడుకునప్పటి రంగును, చింతపండు రాచిన ఇత్తడి బిందె మెరుపును తెలుగులో గమనించి, తెలుగులో ప్రశ్నించిన పిల్లవాడు రేపు ఏ భాషలోనైనను రసాయన శాస్త్రమును చదువగలడు.

ఉపాధ్యాయుల కిది భారము మాత్రమే కాదు, గౌరవము కూడ. నగరపు కీర్తిలో వారికిని పాలు కలదు. ప్రభుత్వములు వారి చేతికి పరికరములను, కాలమును, పగిలిన గాజునకు క్షమాపణను ఇయ్యవలెను. ఎన్ని భవనములు ప్రారంభింపబడినవని గాక, ఎన్ని పాఠశాలలలో ప్రయోగశాలల తాళములు తీయబడినవని లెక్కించు అలవాటు ప్రభుత్వములకును, పత్రికలకును, తల్లిదండ్రులకును కలుగవలెను.